కొండ మీద ఇళ్లకీ అడ్రస్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం, బజార్లో చిన్న కిరాణా కొట్టు నాది. కొండ మీద సవర గిరిజన గూడల వాళ్లు సంతకి దిగినప్పుడు మా కొట్టుకొచ్చి ఉప్పు, నూనెతో పాటు వాళ్ల ఉత్తరాలు కూడా పట్టుకెళ్తారు, ఉద్యోగం అప్లికేషన్‌కైనా ఏటీఎం కార్డుకైనా చాలామంది మా కొట్టు పేరే కేరాఫ్ రాస్తారు మరి. పోయిన వానాకాలం ఒకమ్మాయికి నర్సింగ్ ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది, గెడ్డ పొంగి ఎవరూ దిగలేదు, ఫోన్ కలవలేదు, 12 రోజులు నా గల్లాపెట్టె కిందే ఉండిపోయింది. వచ్చి కవర్ చింపి తేదీ చూసుకుంది, ఒక్క మాట అనకుండా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మొహం మర్చిపోలేకపోతున్నానండీ.

పోస్ట్‌మేన్ కొండెక్కినా ఇల్లు దొరకదు. సవరల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం ఎక్కువ, ఇంటిపేరు చాలామందికి సబరే, ఒక్క గూడలోనే మంగళ సబరలు ముగ్గురు నలుగురు ఉంటారు. గోడల మీద నంబర్లు లేవా అంటే ఉన్నాయి, మలేరియా వాళ్లదొకటి, పోలియో చుక్కల వాళ్లదొకటి, జనాభా లెక్కల వాళ్లదొకటి, పండక్కి ఎర్రమట్టి అలికితే అన్నీ పోతాయి.

2025 మేలో పోస్టల్ డిపార్ట్‌మెంట్ డిజిపిన్ తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఉపగ్రహ చిత్రాల సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి. దేశమంతా సుమారు 4 మీటర్ల గళ్లు చేసి ఒక్కో గడికి 10 అక్షరాలు, అంకెల కోడ్ ఇచ్చారు. 1972లో వచ్చిన పిన్‌కోడ్ పోస్టాఫీసు దాకా తెస్తే ఇది గుమ్మం దాకా చూపిస్తుంది, వీధి పేరు లేకపోయినా పర్లేదు. కానీ ఫోన్లో ఎవరికి వాళ్లే చూసుకోవాలంటే మా గూడల్లో అయ్యే పని కాదు.

అందుకే పంచాయతీ వాళ్లు, ఊళ్లో ఉత్తరాలు పంచే డాక్ సేవక్, ఆ గూడ కుర్రాడొకడు కలిసి ఇంటింటికీ వెళ్లి రేకు ప్లేట్ కొట్టాలి, దాని మీద ఇంటి నంబర్, డిజిపిన్, గూడ పేరు వాళ్లు పిలుచుకునేలాగే ఉండాలి, రెవెన్యూ రికార్డుల్లో ఉన్న ఊరి పేరు రాసేసి సరిపెట్టొద్దు. ఆదిమ గిరిజనుల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్మన్ పథకం ఇళ్లకి ఎలాగూ ఫోటో తీసి, ఎక్కడుందో గుర్తించే జియోట్యాగ్ చేస్తున్నారు కదా, ఆ పనితోనే ఇదీ చెయ్యొచ్చు. ఇంకోటి, నంబర్ వేస్తే పన్ను వేస్తారేమో, ఖాళీ చేయిస్తారేమో అని ముసలోళ్లకి భయం, అది వాళ్ల భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద అడవి పట్టా ఇంకా రాలేదని ఎవరి ఇంటికీ నంబర్ ఆపొద్దు.

అప్పటిదాకా ఉత్తరాలు నేను తీసుకుంటూనే ఉంటాను. ఏ గూడకి వచ్చిందో పలక మీద రాసి కొట్టు బయట వేలాడదీస్తున్నా, పైకెళ్లే జీపు వాళ్లు చూసి చెప్తున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా