ఈ ఏడాది నుంచి చినూక్ సాల్మన్ వేటకు వెళ్ళడం లేదు: కెనడాలోని ప్రిన్స్ రూపర్ట్ నుంచి మా కస్టమర్లందరికీ

అందరికీ నమస్కారం. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది జూన్ ట్రిప్పులన్నీ, జూలై మొదటి రెండు వారాల ట్రిప్పులతో సహా, రద్దు చేస్తున్నాం. ఇకమీదట మా బోటు చినూక్ సాల్మన్ వేటకు వెళ్ళదు. జూలై మూడో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా కోహో సాల్మన్ కోసమే వెళ్తాం. రద్దయిన తేదీలకు అడ్వాన్స్ కట్టినవాళ్ళు తొమ్మిది కుటుంబాలు. మీ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. వద్దు, వస్తామంటే అదే ధరకు ఆగస్టుకు మార్చుకోవచ్చు. ఏది కావాలో ఈ నెలాఖరులోగా ఒక్క ఫోన్ చేసి చెప్పండి, చాలు.

కారణం కూడా పూర్తిగా చెప్పాలి. మీలో చాలామంది ప్రకటన చూసి వచ్చినవాళ్ళు కారు. సర్రేలోనో ఎడ్మంటన్‌లోనో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, చేపల పులుసు తిని, "ఈ చేప ఎక్కడిదండీ?" అని అడిగి మా నంబరు తీసుకున్నారు. అలా వచ్చినవాళ్ళకు సగం చెప్పి సగం దాచడం నాకు చేతకాదు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రిన్స్ రూపర్ట్ అంటే బ్రిటిష్ కొలంబియా తీరానికి ఉత్తరపు కొస, అలాస్కా సరిహద్దుకు కాస్త కింద. స్కీనా నది సముద్రంలో కలిసేది ఈ ఊరి పక్కనే. మాది 38 అడుగుల బోటు. నలుగురు అతిథులు, నేను, మా ఆవిడ. నాలుగు రోజులూ తిండి, నిద్ర బోటులోనే. చాతమ్ సౌండ్ దాటి డండస్ దీవి వైపు వెళ్తాం. గాలి ముదిరితే వర్క్ చానల్ లోపలికి తిరిగి, మరుగు చూసుకుని లంగరు వేస్తాం. వాన సంగతి అందరూ అడుగుతారు. ఇక్కడ ఏడాదికి 2,500 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, మన కోనసీమకు రెట్టింపు. ఆటుపోట్ల తేడా 7 మీటర్లు దాటే రోజులుంటాయి. నేను అంతర్వేది దగ్గర, మనిషెత్తు కూడా ఉండని పోటు చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ పాటు వేళకు రేవులోంచి బోటు దగ్గరకు దిగే ర్యాంపు మేడ మెట్లలా నిటారుగా అయిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్ళకు ఎక్కే టైము పోటు చూసి చెప్పేది అందుకే.

ఇక చినూక్. కింగ్ అనేది దీన్నే, మా రేవులో స్ప్రింగ్ అంటారు. 30 పౌన్లు దాటితే టైయీ. మే నుంచి జూలై దాకా మా ముందు నుంచి పోయే పెద్ద చేపల్లో చాలావరకు స్కీనాకు ఎక్కడానికి వచ్చినవే. మోరిస్, కాలమ్ లాంటి ఉపనదుల్లో పుట్టి, సముద్రంలో కొన్నేళ్ళు తిరిగి, పుట్టిన నీటి వాసన పట్టుకుని వెనక్కి వస్తాయి. ఒక్కసారి గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. మళ్ళీ వచ్చే ఏడాది అన్న మాట వాటికి లేదు. కొన్నేళ్ళుగా ఇవి తగ్గిపోతున్నాయి. పసిఫిక్ తీరమంతటా వచ్చేవి కూడా మునుపటికన్నా చిన్నవి, తక్కువ వయసువి. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్ నీళ్ళు అసాధారణంగా వేడెక్కి, వీటి మేత దెబ్బతింది. నదుల్లో ఇబ్బందులు వేరే. కాపాడడానికి ప్రభుత్వ మత్స్యశాఖ పరిమితులు పెడుతోంది, అవి సీజన్ మధ్యలో కూడా మారుతుంటాయి. ఉత్తరాన యూకాన్ నదిలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ చినూక్ వేటను ఏడేళ్ళపాటు ఆపేయాలని కెనడా, అలాస్కా 2024లో ఒప్పందం చేసుకున్నాయి.

ఇంకో మాట కూడా ఉంది. ఈ నీళ్ళు ఇక్కడి ఆదివాసులైన సింషియన్ ప్రజలవి. వేల ఏళ్ళుగా వాళ్ళకు సాల్మనే అన్నం. కెనడా సుప్రీంకోర్టు 1990లో స్పారో కేసులో తేల్చి చెప్పింది: ముందు చేప బతకాలి, తర్వాత ఆదివాసుల తిండి, మిగతావాళ్ళు ఆ తర్వాతే. సరదాకు గాలం వేసే మాలాంటివాళ్ళు ఆఖరి వరసలో ఉన్నారు. చేప తగ్గినప్పుడు ఆఖరి వరసవాడు ముందుగా లేవాలి కదా. ఎవరో వచ్చి లేపేదాకా కూర్చోవడం నాకు నచ్చలేదు.

చదవడం, వినడం వేరు. కిందటి జూన్‌లో నా చేతుల్లో జరిగింది వేరు. ఆ రోజు మాకు ఉంచుకోవడానికి అనుమతి ఉన్న చినూక్ పొద్దున్నే అయిపోయింది. అక్కడితో గాలాలు పైకి తీసేయాల్సింది. పట్టి వదిలేద్దాం, ఒక మంచి ఫోటో వస్తుందని నేనే అన్నాను. ఇరవై నిమిషాలు పెనుగులాడాక ఒక ఆడచేప పడింది. పదకొండు కిలోలు ఉంటుందేమో. వీపు నల్లటి పచ్చ, తోక మీద నల్ల చుక్కలు, కడుపు గుడ్లతో బిగిసి ఉంది. ఫోటో కోసం వలబుట్టతో పైకి ఎత్తించాను. వల ముడుల మధ్య దాని పొలుసులు వెండి నాణాల్లా అంటుకుపోయాయి. కిందికి దించి, తోక పట్టుకుని, నీటికి ఎదురుగా నిలబెట్టాను. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నాలుగైదు నిమిషాలకు ఒక్క విదిలింపు విదిల్చి వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతలో ఇరవై గజాల వెనక తెల్లటి కడుపు పైకి తేలింది. అతిథుల్లో తొమ్మిదేళ్ళ పాప, "అంకుల్, అది బతుకుతుందా?" అని అడిగింది. సీల్ ఒకటి వచ్చి లాక్కుపోయేదాకా నేను జవాబు చెప్పలేకపోయాను. ఒక్కో ఆడచేప సుమారు ఐదువేల గుడ్లు పెడుతుంది. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసే ఎత్తించాను.

ఆ రాత్రి మా నాన్న గుర్తొచ్చారు. గోదావరికి ఎర్రనీరు తగలగానే పులస ఎదురెక్కేది. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, ఏటికి ఎక్కితే పులస. పుస్తెలు అమ్మైనా తినాలన్నారు మనవాళ్ళు. నా చిన్నప్పుడు బుట్టలతో వచ్చిన చేప, నేను ఊరు వదిలేనాటికి ఒకటీ రెండూ పడితే వేలంపాట. వేసవిలో వేట నిషేధం వస్తే, ఇంట్లో ఎంత ఇబ్బందైనా నాన్న బోటు ఒడ్డునే ఉండేది. "తల్లిచేపను వదిలితేనే ఏడాది తిండి" అనేవారు. ఆ ఇంట్లో పెరిగి నేను చేసిన పని అది.

ఒక తప్పు మాట కూడా సరిచేసుకోవాలి. ఫోన్‌లో బుకింగ్ తీసుకునేటప్పుడు "బాక్స్ నిండా చేపతో వెళ్తారు, గ్యారంటీ" అని చాలామందితో అన్నాను. ఇక అననూ, అనలేను. మీరు డబ్బు కట్టేది నాలుగు రోజుల సముద్రానికి, బోటుకు, మా పనికి. చేపకు కాదు. కోహో బాగా పడే రోజులున్నాయి, సాయంత్రం దాకా ఒక్కటీ కొట్టని రోజులూ ఉన్నాయి. ఇది వినగానే మానేయాలనిపిస్తే మొహమాటపడొద్దు, చెప్పండి.

కోహో ఎందుకంటే, సాధారణంగా మూడేళ్ళ చేప ఇది. మొదటి ఏడాదీ ఆపైన కొంతా ఏటిలో, తర్వాత ఏడాదిన్నర సముద్రంలో. ఆఖరి వేసవిలో ఆబగా తిని బరువెక్కుతుంది. జూలైలో రెండు మూడు కిలోలుండేది ఆగస్టు చివరికి నాలుగైదు కిలోలకు వస్తుంది. ట్రిప్పులు వెనక్కి జరపడంలో మీకు కలిసొచ్చేది అదే. చినూక్ అడుగున, రాళ్ళ వారగా ఉంటే, కోహో పైనీళ్ళలో తిరుగుతుంది. అందుకని గాలాన్ని కిందికి దించే ఐదు కిలోల సీసపు గుండును పది, పదిహేను మీటర్ల లోతులోనే ఆపుతాం. బోటును మూడు నాట్ల (గంటకు ఐదున్నర కిలోమీటర్ల) దగ్గర కాస్త వడిగా నడుపుతాం. ముందు తళతళమని తిరిగే ఫ్లాషర్, దాని వెనక చిన్న కణవ (స్క్విడ్) పిల్లలా ఉండే ప్లాస్టిక్ ఎర. అయినా ఎప్పుడైనా చినూక్ పడుతుంది. పడితే నీళ్ళలోనే కొక్కెం తీసి వదిలేస్తాం. వలబుట్ట పెట్టం, పైకి ఎత్తం, ఫోటో లేదు. పాత ముడుల వల తీసేసి రబ్బరు వల కొన్నాను.

గెడ వంగినప్పుడు కంగారు పడొద్దు. ఇక్కడ సాల్మన్‌కు వాడే కొక్కేనికి లోపలి ముల్లు ఉండకూడదని చట్టం. దారం ఒక్క క్షణం వదులైతే చేప పోయినట్టే. చేప లాగితే రీలు పిడి వెనక్కి గిరగిరా తిరుగుతుంది. అప్పుడు వేళ్ళు తీసేయండి, వేలి కణుపులు పగులుతాయి. కోహో నీటిపైకి రెండు మూడుసార్లు ఎగురుతుంది. ఎగిరినప్పుడు గెడ కొస కిందికి దించకుండా నిలబెట్టి ఉంచడం ఒక్కటే మీ పని.

కిందటి ఆగస్టు ట్రిప్పు గురించి. ఆ కుటుంబానికి విడిగా చెప్పుకున్నాను, కానీ అందరికీ తెలియాలి. డండస్ దీవి పడమటి వైపు ఉండగా ఇంజన్ వేడెక్కి అలారం మోగింది. వెనక గొట్టంలోంచి నీళ్ళతో పాటు రావాల్సిన పొగ, పొడి చప్పుడుతో వస్తోంది. సముద్రపు నీళ్ళను తోడి ఇంజన్‌ను చల్లబరిచే పంపులో అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. తీసి చూస్తే దాని రెక్కలు నాలుగు తెగిపోయి ఉన్నాయి. సీజన్ మొదట్లోనే మార్చాలి, నేను ఇంకో నెల ఆగుదామని వాయిదా వేశాను. బోటులో ఉన్న స్పేర్ తీస్తే అది పాత ఇంజన్‌ది, సైజు పట్టలేదు. ఒక చిన్న మలుపులోకి జారి లంగరు వేసి, మర్నాడు మరో బోటు లాక్కొచ్చేదాకా ఉండిపోయాం. ఎవరికీ ప్రమాదం జరగలేదు. కానీ డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ఆ రాత్రంతా లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చునే ఉన్నారు. ఆమెకు అంత టెన్షన్ పెట్టింది నా బద్ధకమే. అప్పుడు ఒక్క రోజు డబ్బే వెనక్కి ఇచ్చాను, అది తక్కువ. మిగతా మూడు రోజులదీ ఈ వారం పంపించాను. ఇప్పుడు బోటులో సరైన స్పేర్లు రెండున్నాయి. మార్చిన తేదీ ఇంజన్ మూత లోపల రాసి ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు.

ధర మనిషికి 2,400 డాలర్ల నుంచి 2,550 అవుతుంది. డీజిల్, ఇన్సూరెన్స్ పెరిగాయి, ట్రిప్పులేమో తగ్గాయి. రద్దయిన ఆరు వారాల ఆదాయాన్ని మీ మీద వేయడం లేదు. మే, జూన్‌లలో నేను వేరే బోటు మీద పనికి వెళ్తున్నాను, మా ఆవిడ చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు ఒప్పుకుంది. ఆగస్టుకు మార్చుకునే తొమ్మిది కుటుంబాలకు మాత్రం పాత ధరే.

లైసెన్సు ఆన్‌లైన్‌లో మీరే తీసుకోవాలి, సాల్మన్ స్టాంపుతో (పట్టిన సాల్మన్ ఉంచుకోవడానికి విడిగా కొనేది) కలిపి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా చెల్లుతుంది. పట్టిన చేపను అమ్మడం నేరం, కనుక "మా ఫ్రెండ్‌కి నాలుగు కిలోలు ఇచ్చి డబ్బు తీసుకుంటాం" అని దయచేసి నాతో అనొద్దు. వాతావరణం బాగోలేకపోతే బయల్దేరం. గ్రీన్ ఐలండ్, ట్రిపుల్ ఐలండ్ లైట్‌హౌస్‌లలో కాపలా ఉండేవాళ్ళు కళ్ళతో చూసి అల ఎంతుందో రేడియోలో చెబుతారు. ఫోన్‌లోని యాప్ ఏం చూపించినా నేను వినేది వాళ్ళ మాటే.

ఎక్కువమంది అడిగే ప్రశ్న చివరికి మిగిలింది: పులుసులో సాల్మన్ చెదిరిపోతోందని. చర్మం, ముల్లు తీసేసిన ముక్కతో పులుసు పెట్టొద్దు. ముల్లుతో అడ్డంగా, రెండు వేళ్ళ మందాన కోయించుకోండి, బోటులో అలాగే కోసిస్తాను. చింతపండు పులుసు ఉల్లిపాయతో బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయాలి. ఏడెనిమిది నిమిషాలు చాలు. గరిటె పెట్టకుండా గిన్నె రెండు వైపులా పట్టుకుని తిప్పండి. కోహోలో కొవ్వు చినూక్ కన్నా తక్కువ. మర్నాటికి పులుసు ఇంకా బాగా పడుతుంది. తల పారేయొద్దు. జపాన్ సుషీ లాగా పచ్చిగా తినాలనుకుంటే ముందు మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాల్సిందే, పురుగు ఉంటుంది.

వచ్చే సోమవారం నుంచి బోటు ఒడ్డు మీదే ఉంటుంది, అడుగు గీకి రంగు వేస్తున్నాం. పగలు ఫోన్ ఎత్తకపోతే సాయంత్రం ఆరు తర్వాత చేయండి. రద్దయిన తేదీలకు బుక్ చేసుకున్న తొమ్మిది ఇళ్ళకూ నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను, ఇప్పటికి నలుగురితో మాట్లాడాను.