ఖరీదు చొక్కా కుట్టినా మా జీతం అంతే

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో బట్టల మీద వచ్చిన వ్యాసం చదివాను. చవక బట్టల వెనక కార్మికుల కష్టం ఉంటుంది, కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువైనా మంచి బ్రాండువే కొనండి అని చివర్లో రాశారు. రాసినావిడ మనసు మంచిదే, కాదనను. కానీ నేను పదకొండేళ్లు బెంగళూరులో గార్మెంట్స్‌కి పోయినదాన్ని. ఆ చివరి మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత కోపమూ వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

మాది హిందూపురం దగ్గర పల్లె. మొదట హెల్పర్‌గా చేరి దారాలు కత్తిరించాను, తర్వాత టైలర్‌నై ఏళ్ల తరబడి కాలర్లే కుట్టాను, చివరి మూడేళ్లు శాంపిల్ సెక్షన్‌లో ఉన్నాను. మా లైన్ మీదకి సోమవారం 499 రూపాయల చొక్కా వచ్చేది, అది అయిపోగానే గురువారం 1,799 రూపాయల చొక్కా ఎక్కించేవాళ్లు. ధర ఎలా తెలుసంటే, ట్యాగు మా ఫినిషింగ్ వాళ్లే తగిలిస్తారు కాబట్టి. మెషీన్లు అవే, మనుషులం మేమే, నెలాఖరుకి జీతమూ అదే. ఇంకా చెప్పాలంటే ఖరీదు చొక్కా వస్తే మాకు భయం, ఎందుకంటే గళ్ల గుడ్డకి జేబు గీతా ముందు భాగం గీతా వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, కలవకపోతే చెకింగ్ దగ్గర్నుంచి పీసు వెనక్కి వస్తుంది, సూపర్‌వైజర్ అందరి ముందూ తిడతాడు, గంట గంటకీ బోర్డు మీద రాసే టార్గెట్ మాత్రం ఆగదు. మీ వ్యాసం ప్రకారం అయితే గురువారం మేం కాస్త సుఖపడాలి మరి!

లెక్క చెబుతాను, మీరే వేసి చూడండి. నేను మానేసేటప్పుడు టైలర్ జీతం నెలకి దాదాపు 13,000. నెలకి 26 రోజులు, రోజుకి ఎనిమిది గంటలు అనుకుంటే నిమిషానికి రూపాయి పైన ఓ నాలుగు పైసలు. ఒక పీసుకి ఎన్ని నిమిషాలు పట్టాలో స్టాప్‌వాచ్ పట్టుకుని మా వెనకే నిలబడి కొలుస్తారు, దాన్ని శామ్ అంటారు. మామూలు ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి కాగితం మీద ఇరవై చిల్లర నిమిషాలు ఉండేవి. కరెంటు పోవడం, దారం తెగడం, ఆల్టరేషన్లు అన్నీ కలుపుకుంటే నిజంగా పట్టేది ముప్పై ఐదు. అంటే కుట్టు కూలి ముప్పై ఆరు రూపాయలు. కటింగ్, చెకింగ్, ఇస్త్రీ, ప్యాకింగ్ వాళ్లనీ కలిపి, కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా వేసుకున్నా అరవై దాటదు. చొక్కా 499 ఐనా అంతే, 1,799 ఐనా ఇంచుమించు అంతే.

మరి మిగతాదంతా ఎక్కడికి పోతుందంటే, కొంత గుడ్డకి పోతుంది. దేనికెంత ఖర్చో రాసే కాస్టింగ్ షీట్లు మా పక్క గదిలోనే తయారయ్యేవి, నేను చూసినంతలో ఫ్యాక్టరీ ధరలో సగానికి పైన గుడ్డదే. ఆ తర్వాత లారీ, గోడౌన్, మాల్ అద్దె, యాక్టర్‌తో ప్రకటన. వీటన్నిటి పైన ముందే కలిపి పెట్టే డిస్కౌంట్ ఒకటి. ‘ఒకటి కొంటే రెండు ఫ్రీ’ అన్నది ట్యాగు కొట్టించే రోజునే తెలిసిన సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు బట్టల మీద జీఎస్టీ 5 శాతం చేశారు, అంతకు ముందు వెయ్యి దాటితే 12 ఉండేది. ఆ తేడాలో కొన్నవాళ్లకి ఎంత దక్కింది, షాపువాళ్లు ఎంత ఉంచుకున్నారు అని టీవీల్లో చర్చ పెట్టారు. కుట్టినవాళ్ల మాట ఎవరికీ గుర్తు రాలేదు.

సూది సంగతి ఒకటి చెప్పాలి. మెషీన్ మీద సూది విరిగితే కొత్త సూది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ వెతికి తెచ్చి, రిజిస్టర్‌లో సెలోటేపుతో అంటించి, అన్నీ కలిపితే పూర్తి సూది అవుతుందని చూపించాకే ఇస్తారు. బట్టలో ముక్క ఉండిపోతే ఎక్కడో విదేశంలో ఏ చిన్నబిడ్డకో గుచ్చుకుంటుందని. ఆ జాగ్రత్త తప్పనను, నాకూ పిల్లలున్నారు. కానీ ఒకసారి నా చూపుడు వేలి గోట్లో సూది దిగి అక్కడే విరిగింది. రెండు ముక్కలు దొరికాయి, కొన దొరకలేదు. రక్తం కారుతున్న వేలికి దూది చుట్టుకుని, నలుగురం మోకాళ్ల మీద కూర్చుని అయస్కాంతంతో నేలంతా వెతికాం, కుట్టిన పీసులన్నీ పక్కన పెట్టి దులిపాం. చివరికి అది నా వేల్లోనే ఉందని నర్సు తీసింది. దాన్ని కడిగి రిజిస్టర్‌లో అంటించారు, సంతకం చేశాను. ఆ గంట టార్గెట్ పోయిందని సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చోబెట్టారు. అప్పుడున్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కి రెట్టింపు ఇవ్వాలి. దాన్ని ఓవర్‌టైమ్ అని రాస్తే కదా!

బ్రాండు పేరు చూసి కొంటే మనసు తేలికవుతుందేమో గానీ, 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు శిథిలాల్లో దొరికిన లేబుళ్లలో యూరప్‌లో పేరున్న బ్రాండ్లవీ ఉన్నాయి. ముందు రోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, షాపులు మూసేశారు, గార్మెంట్స్ వాళ్లని మాత్రం పనికి రమ్మన్నారు.

యజమానుల పక్షం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మా సారు బయ్యర్‌తో, అంటే ఆర్డరిచ్చే కంపెనీ వాళ్లతో, ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను, ఐదు సెంట్లు తగ్గిస్తావా, ఆర్డర్ బంగ్లాదేశ్‌కి పంపనా అని వాళ్లు బేరమాడతారు. గుడ్డ ధర ఆయన చేతిలో లేదు, కరెంటు ధర లేదు, ఇంక తగ్గించగలిగింది మా నిమిషాలే. మా జీతం పావు వంతు పెంచితే చొక్కా మీద పడేది పదిహేను రూపాయలు. 1,799 పెట్టేవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. అయినా ఒక్క ఫ్యాక్టరీ ఒంటరిగా పెంచితే ఆ ఆర్డర్ పక్క ఫ్యాక్టరీకి పోతుంది, అది నిజం. అందుకే కనీస వేతనం ప్రభుత్వమే పెంచాలి, అందరికీ ఒకేసారి పెంచాలి. ఐదేళ్లకి మించకుండా సమీక్షించి, అవసరమైతే సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అనే కొత్త చట్టంలోనూ ఇంచుమించు అదే ఉంది. మా రంగానికి ఆ ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయో లైన్‌లో ఒక్కరికీ తెలియదు, చెప్పే పేపరూ లేదు.

2016 ఏప్రిల్‌లో మాత్రం అందరికీ తెలిసింది. పీఎఫ్‌లో కంపెనీ వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకూడదని రూలు తెచ్చారు. గార్మెంట్స్‌లో ఆ వయసుదాకా ఎవరుంటారండీ, నలభైకే కళ్లూ నడుమూ పోతాయి. కూతురి పెళ్లికో అప్పుకో అక్కరకొచ్చేది ఆ డబ్బే. యూనియన్ పిలుపు కూడా లేకుండా వేల మంది ఆడవాళ్లం హోసూరు రోడ్డు మీదికి వచ్చేశాం, రెండో రోజుకే కేంద్ర ప్రభుత్వం ఆ రూలు వెనక్కి తీసుకుంది. మా ఇంటి ఓనరు మాత్రం ట్రాఫిక్ జామ్ చేశామని వారం రోజులు సణిగాడు.

మీకు నా మనవి ఒకటే. కొనేవాళ్లకి ఏ చొక్కా కొనాలో చెప్పడం కాసేపు ఆపి, ఆంధ్రలోనూ కర్ణాటకలోనూ టైలరింగ్‌కి కనీస వేతనం ఇప్పుడు ఎంతుంది, చివరిసారి ఎప్పుడు సవరించారు, మళ్లీ ఎప్పుడు సవరించాలి అన్నది లేబర్ ఆఫీసులో అడిగి ఒక్కసారి వేయండి, సేల్ ప్రకటన పక్కనే వేసినా పర్వాలేదు. మీ విలేకరి ఎవరైనా మాతో మాట్లాడతానంటే తెల్లవారి ఆరింటికి మా ఊరి కట్ట దగ్గరికి రమ్మనండి. ఫ్యాక్టరీ వ్యాను అక్కడే ఆగుతుంది. నేను మానేశాను గానీ మా ఆడపడుచు, ఆమె కోడలు ఇప్పటికీ అందులోనే పోతున్నారు. ఆరుంపావు దాటితే ఎవరూ దొరకరు, మళ్లీ రాత్రి ఎనిమిదికే.

ఇట్లు,
ఒకప్పటి గార్మెంట్స్ టైలర్,
హిందూపురం