23 రోజులు, 6 టికెట్లు, ఒక్కరూ తెరవని ఒక్క ఫైలు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
(మీ వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఒక పదవి ఉంది. అందులో మనిషి ఉన్నారో లేదో ఈ ఉత్తరంతో తేలుతుంది.)

విషయం: మీ వీపీఎన్ సేవకి (మా ట్రాఫిక్‌ని గుప్తంగా మీ సర్వర్ మీదుగా పంపేది) కంటైనర్‌లో నడిచే వైర్‌గార్డ్ ప్రోటోకాల్ కనెక్షన్ గురించి పెట్టిన 6 టికెట్లను చదవకుండానే మూసెయ్యడం.

అయ్యా,

టన్నెల్, అంటే మా సర్వర్ నుంచి మీ సర్వర్‌కి వేసిన గుప్త దారి, పడిపోయిందని ఈ ఉత్తరం రాయడం లేదు. సర్వర్లన్నాక పడతాయి, లేస్తాయి. పడిందని మొదటి రోజే చెప్పాను, ఎందుకు పడిందో కూడా చెప్పాను, రుజువు జత చేశాను. 23 రోజులుగా ఆ రుజువు మీ దగ్గర తెరవకుండా పడి ఉంది. ఒళ్ళు మండేది అందుకు.

మొదటి టికెట్‌లో ఉన్నది మళ్ళీ చెప్తాను, ఏడోసారి. మాది లైనక్స్ సర్వర్, దాని మీద డాకర్, అంటే ప్రోగ్రాములని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్. ఒక కంటైనర్‌లో వైర్‌గార్డ్, దాని నెట్‌వర్క్‌నే పంచుకునే మరో నాలుగు కంటైనర్లు. కాన్ఫిగ్ ఫైలు మీ డాష్‌బోర్డు నుంచి దింపుకున్నదే, అక్షరం మార్చలేదు. తొమ్మిది పది రోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత హ్యాండ్‌షేక్ (రెండు వైపులా కీలు చూసుకుని కొత్త తాళం కుదుర్చుకోవడం) ఆగిపోతుంది. డాష్‌బోర్డులో మాత్రం మా కీ (సర్వర్ మమ్మల్ని గుర్తుపట్టే సంకేతం) పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది. కొత్త కీ పుట్టించి అదే సర్వర్‌కి కలిపితే క్షణంలో కలుస్తుంది. పాత కీని మీ వేరే సర్వర్‌కి కలిపినా కలుస్తుంది. ఆ కీకీ ఆ సర్వర్‌కీ మధ్యే చెడింది. అంటే ఆ సర్వర్‌లోని పీర్ల (కలవడానికి అనుమతి ఉన్నవాళ్ళ) జాబితాలోంచి కీ జారిపోయింది, ఆ సంగతి మీ డాష్‌బోర్డుకి తెలియదు. అమీర్‌పేట్‌లో నెల రోజుల నెట్‌వర్కింగ్ కోర్సు చేసిన పిల్లవాడు కూడా ఈ మూడు పరీక్షలూ చూసి ఇదే చెప్తాడు.

వైర్‌గార్డ్ తత్వం మీకు నేను చెప్పాల్సి రావడమే విడ్డూరం. తనకి తెలియని కీతో ఎవరు తలుపు తట్టినా అది పలకదు. ‘నువ్వెవరు’ అని కూడా అడగదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో కారణం ఉండదు. అందుకే టీసీపీడంప్ (లైను మీద వచ్చీపోయే ప్యాకెట్ల రికార్డు) తీసి పంపాను. మా వైపు నుంచి 148 బైట్ల హ్యాండ్‌షేక్ అభ్యర్థన ఐదేసి సెకన్లకొకటి చొప్పున 90 సెకన్లలో 18 సార్లు వెళ్ళింది. అటు నుంచి రావాల్సిన 92 బైట్ల జవాబు ఒక్కటీ రాలేదు. ప్రోటోకాల్ మౌనంగా ఉండేది భద్రత కోసం. మీ సపోర్టు విభాగం ఏ భద్రత కోసం నోరు మూసుకుందో!

అయినా మౌనం అనడం అన్యాయమే. మొదటి జవాబు నాలుగు నిమిషాల్లో వచ్చింది. ‘యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి, బ్రౌజర్ కాష్ తుడవండి, యాప్ స్క్రీన్‌షాట్ పంపండి.’ ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు. కంటైనర్‌లో మీ యాప్ లేదు, బ్రౌజర్ లేదు, ఆ సర్వర్‌కి అసలు తెర లేదు. స్క్రీన్‌షాట్ బదులు, వైర్‌గార్డ్ స్థితి చూపే ‘డబ్ల్యూజీ షో’ ఆదేశం ఇచ్చిన అక్షరాలు యథాతథంగా పంపాను. చివరి హ్యాండ్‌షేక్ మూడు గంటల కిందట అని అందులో ఉంది. ట్రాఫిక్ నడుస్తుంటే రెండు నిమిషాలకోసారి కొత్త హ్యాండ్‌షేక్ జరగాలి, 180 సెకన్లు దాటితే పాత తాళం చెల్లదు. అక్కడ మూడు గంటలని కనిపిస్తుంటే ఇంకేం ఫొటో కావాలి? 48 గంటల తర్వాత ‘స్క్రీన్‌షాట్ అందనందున’ టికెట్ మూసేశారు.

రెండో ఆయన మర్యాదస్తుడు. ప్రతి వాక్యం చివరా ‘మీ ఓపికకు ధన్యవాదాలు’ అని పెట్టారు. యాప్‌ని సర్వర్ మీదే నేరుగా వేసుకుంటే ఈ గొడవే ఉండదన్నారు. గొడవ ఉండదు నిజమే, పనీ ఉండదు. కంటైనర్‌లో పెట్టుకోవడం ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించలేదాయన. ఆ నాలుగు కంటైనర్ల ట్రాఫిక్ మాత్రమే విదేశీ సర్వర్ మీదుగా వెళ్ళాలి. మిగతా సర్వర్, ముఖ్యంగా బ్యాంకు పనులూ ప్రభుత్వ పోర్టళ్ళూ, హైదరాబాద్ లైన్ మీదే పోవాలి. విదేశీ ఐపీ నుంచి వస్తే మన ప్రభుత్వ సైట్లు కొన్ని అసలు తెరుచుకోవు. సర్వర్ మీదే యాప్ వేస్తే అంతా కట్టగట్టుకుని టన్నెల్‌లో పడుతుంది. దీనికాయన జవాబు: ‘పోనీ, విండోస్ ల్యాప్‌టాప్‌లో ఒకసారి ప్రయత్నించండి.’ ప్రయత్నించాం. కలిసింది. కలవక ఏమవుతుంది? లాగిన్ అయిన ప్రతిసారీ మీ యాప్ కొత్త కీ పుట్టిస్తుందని మీ సహాయ పేజీలోనే ఉంది. కొత్త కీ పనిచేస్తుందని మేం మొదటి రోజే రాశాం. ఆ మాటే ఆయనకి మళ్ళీ చెప్తే, ‘సమస్య పరిష్కారమైంది’ అని టికెట్ మూసి, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తారని అడిగారు.

మూడో వారి దృష్టిలో తప్పు మా ఇంటర్నెట్ కంపెనీది. వైర్‌గార్డ్ వాడే యూడీపీ 51820 పోర్టుని వాళ్ళు అడ్డుకుంటున్నారట. అదే లైను, అదే సర్వర్, అదే పోర్టు మీద కొత్త కీ కలుస్తోంది కదా అంటే కాసేపు ఆగి ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1280కి దించమన్నారు. చదివిన పాఠం ఎక్కడో ఒకచోట వాడాలి కదా! ఎంటీయూ తేడా ఉంటే లక్షణం వేరు. హ్యాండ్‌షేక్ అవుతుంది, పింగ్‌కి జవాబు వస్తుంది, వెబ్ పేజీ మాత్రం సగంలో వేలాడుతుంది. చిన్న ప్యాకెట్లు దూరిన చోట పెద్దవి ఇరుక్కుంటాయి, అంతే. మా లైను పీపీపీఓఈ (లాగిన్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి) కాబట్టి 1500 కాదు, 1492 బైట్లు. వైర్‌గార్డ్ తన తొడుగుకి ఐపీవీ4 మీద 60 బైట్లు, ఐపీవీ6 మీద 80 తీసుకుంటుంది. వైర్‌గార్డ్‌కి మామూలుగా ఉండే ఎంటీయూ 1420కి 60 కలిపితే 1480, 1492లో హాయిగా పడుతుంది. ఐపీవీ6 ఎండ్‌పాయింట్ అయితే 1500 అయి పట్టదు, 1412కి దించాలి. మాది ఐపీవీ4. అవన్నీ అటుంచి, 148 బైట్ల ప్యాకెట్ వెళ్ళడానికి ఎంటీయూ ఎప్పుడు అడ్డొచ్చింది? ఇదంతా లెక్కతో రాసి పంపితే వచ్చిన జవాబు, ‘దయచేసి మీకు దగ్గరి సర్వర్ ఎంచుకోండి, ఉదాహరణకు ఇండియా.’ 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు చందాదారుల వివరాలు ఐదేళ్ళు దాచాలన్నాక, చాలా వీపీఎన్ కంపెనీల్లాగే మీరూ ఇక్కడి యంత్రాలు ఎత్తేసి, సింగపూర్ యంత్రానికి ఇండియా అని బోర్డు కట్టారు. దగ్గరట!

నాలుగో ఏజెంట్‌కి డాకర్ అనే మాట తెలుసు. ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం రెండు వాక్యాలు నిలిచింది. కంటైనర్‌ని ప్రివిలేజ్డ్‌గా నడపమన్నారు, కిల్ స్విచ్ (టన్నెల్ లేనప్పుడు ట్రాఫిక్ బయటికి పోకుండా ఆపేది) తీసేసి చూడమన్నారు. ప్రివిలేజ్డ్ అంటే ఒక్క గది అద్దెకిచ్చి ఇంటి తాళాలన్నీ చేతిలో పెట్టడం. వైర్‌గార్డ్‌కి కావలసింది నెట్ అడ్మిన్ అనే ఒక్క అనుమతి. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ 5.6 నుంచి, అంటే 2020 నుంచి, వైర్‌గార్డ్ కెర్నల్‌లోనే ఉంది కాబట్టి ఓపెన్‌వీపీఎన్ అనే మరో పద్ధతికి కావలసిన టన్ డివైస్ కూడా దీనికి అక్కర్లేదు. వైర్‌గార్డ్‌ని లేపే స్క్రిప్టు డబ్ల్యూజీ-క్విక్ మొదలయ్యేటప్పుడు ‘ఎస్ఆర్‌సీ వ్యాలిడ్ మార్క్’ అనే సిస్‌కంట్రోల్‌ని (కెర్నల్ సెట్టింగుని) 1 చెయ్యబోతుంది. కంటైనర్ లోపల ఆ చోటు చదవడానికే తప్ప రాయడానికి ఉండదు కాబట్టి అక్కడే చతికిలబడుతుంది. దాన్ని కంటైనర్ల అమరిక రాసే కంపోజ్ ఫైలులో సిస్‌కంట్రోల్స్ కింద ముందే రాసిపెడితే సరి. మేం రాసిపెట్టాం. అనుమతుల సమస్యే అయితే టన్నెల్ మొదటి నిమిషంలోనే లేవదు, పదో రోజు పడిపోదు.

కిల్ స్విచ్ సలహా ఇంకా ఘోరం. మావి ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) నియమాలు: బయటికి పోయేదంతా డ్రాప్, లూప్‌బ్యాక్‌కీ వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌కీ మీ సర్వర్ ఐపీ 51820కీ మాత్రమే దారి. ఇంటర్‌ఫేస్ లేచి ఉన్నంతసేపు, హ్యాండ్‌షేక్ చచ్చినా సరే, రూటు దాని మీదే ఉంటుంది. కాబట్టి కిల్ స్విచ్ తీస్తే తెలిసేదేమీ లేదు. కానీ కంటైనర్ మొదలైన క్షణానికీ ఇంటర్‌ఫేస్ లేచిన క్షణానికీ మధ్య కొన్ని సెకన్ల సందు ఉంటుంది. నియమాలు లేకపోతే ఆ సందులో నాలుగు కంటైనర్ల ట్రాఫిక్కూ డాకర్ బ్రిడ్జ్ మీదుగా మా సొంత ఐపీతో ఊరేగుతుంది. అలా జరగకూడదనే కదా మీకు డబ్బు కట్టేది!

ఐదో టికెట్ లైవ్ చాట్‌లో. 41 నిమిషాలు వరసలో నిలబెట్టి, ‘కంటైనర్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా’ అన్నారు. చూశాం. వీపీఎన్ కంటైనర్‌ని రీస్టార్ట్ చేస్తే దాని నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (దానికంటూ విడిగా ఉండే నెట్‌వర్క్ లోకం) కొత్తగా పుడుతుంది. దాన్ని పంచుకునే నాలుగూ పాత, చచ్చిన నేమ్‌స్పేస్‌ని పట్టుకుని వేలాడతాయి. వాటినీ ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చెయ్యాలి. వీపీఎన్ కంటైనర్‌ని తీసేసి కొత్తగా పుట్టిస్తే రీస్టార్ట్ కూడా చాలదు, నాలుగింటినీ మళ్ళీ పుట్టించాలి. వాటి పోర్టులు కూడా వీపీఎన్ కంటైనర్ మీదే తెరిచి ఉంటాయి కాబట్టి ఆ కాసేపూ మొత్తం దుకాణం బంద్. ‘ఒకసారి రీస్టార్ట్’ అనే మాట వెనక ఇంత ఉంది. ఇది టైప్ చేసి పంపేలోపు ‘మీ వైపు నుంచి స్పందన లేనందున చాట్ ముగిస్తున్నాం’ అని వచ్చింది.

ఆరోది సీనియర్ స్థాయికి వెళ్ళిందన్నారు. 72 గంటలన్నారు. ఐదో రోజు ఒక్క వాక్యం వచ్చింది: ‘కంటైనర్లకు మేం మద్దతు ఇవ్వం.’

బాగుంది. మరి మీ వెబ్‌సైట్‌లోని ‘డాకర్‌లో ఎలా’ అనే పేజీ ఎవరు రాశారు? నెట్ అడ్మిన్‌తో సహా కంపోజ్ నమూనా అందులో ఉంది. మేం మొదలుపెట్టింది ఆ పేజీ చూసే. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నాడట వెనకటికి ఒకడు. సర్వర్ల నిర్వహణ చూసే ఇంజినీరు ఒక్కరు ఆ సర్వర్‌లోని కీల జాబితాని డాష్‌బోర్డు జాబితాతో పోల్చి చూసి, జారిపోయినవి తిరిగి చేర్చి, ఎందుకు జారుతున్నాయో రెండు ముక్కలు రాస్తే ఈ కథ ముగుస్తుంది. మా ఒక్క కీయే జారిందని కూడా నేననుకోను. యాప్ వాడే వాళ్ళకి కొత్త కీ వస్తుంది కాబట్టి తెలియదు. రూటర్లలో, కంటైనర్లలో ఒకే కీని నెలల తరబడి ఉంచుకునే వాళ్ళందరూ ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుంటూ ఉండి ఉంటారు.

నాలుగేళ్ళుగా మీ చందాదారులం. రెండేసి ఏళ్ళ ప్లాను, 18 శాతం జీఎస్టీతో సహా ముందే కట్టినవాళ్ళం. మా మాట మీద మీ దగ్గర చేరినవాళ్ళు అరడజను మంది ఉన్నారు. వాళ్ళిప్పుడు మమ్మల్ని చూసే చూపు మీకు తెలియదు. మీ వ్యవస్థలో ఒక్క భాగం మాత్రం ఎప్పుడూ తప్పలేదు: ఆటో డెబిట్. డబ్బు లాగడానికి 24 గంటల ముందు కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, కాబట్టి బ్యాంకు నుంచి వస్తుంది. కీ తీసేసే ముందు కబురు చెప్పాలని ఏ నియమమూ లేదు, కాబట్టి మీ నుంచి రాదు.

సరే, ఉన్న నియమాలే మాట్లాడుకుందాం. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కంపెనీ విదేశంలో ఉన్నా ఇక్కడివాళ్ళకి పద్ధతిగా అమ్ముతుంటే ఈ నియమాలు వర్తిస్తాయి. 23 రోజులు పోయాయి, ఇక వారమే. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను, వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అంటే మేం మీ ఊరు రానక్కర్లేదు, మీరే హైదరాబాద్ రావాలి. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ఆటో డెబిట్ మ్యాండేట్ ఈ రాత్రే రద్దు చేస్తున్నాం. డబ్బు వాపసు గురించి మీరేం ఆలోచిస్తారో మీ ఇష్టం, మేం ఆలోచించేది వినియోగదారుల కమిషన్ ముందు చెప్తాం. ఇంతకీ ఈ ఉత్తరానికి కూడా స్క్రీన్‌షాట్ అడిగితే, ఆ జవాబునే మొదటి సాక్ష్యంగా జత చేస్తాం.

ఇట్లు,
మీ చందాదారు,
హైదరాబాద్

తా.క.: టీసీపీడంప్ ఫైలు మళ్ళీ జత చేశాను. 4 కేబీ. ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో తెరిస్తే చాలు, ఫిల్టర్ పెట్టుకునే శ్రమ అక్కర్లేదు. అందులో ఉన్న 18 ప్యాకెట్లూ మా వైపు నుంచి వెళ్ళినవే.