క్రిస్మస్ చెట్టుకు సరుగుడు కొమ్మ చాలదా?

సంపాదకులకు,

అయ్యా,

డిసెంబరు వస్తే పర్లాకిమిడి బజారులో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్ల అట్టపెట్టెలు దుకాణాల ముందు బారులు తీరతాయి. జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులున్న గజపతి జిల్లాలో వాటికి గిరాకీ ఉండడం వింతేమీ కాదు. అయితే ప్లాస్టిక్ చెట్టు కొంటే ఒక చెట్టును నరకకుండా కాపాడినట్టేనని అమ్మేవారూ కొనేవారూ కూడా చెప్పుకోవడం ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. మన ప్రాంతం వరకు ఆ మాట నిలవదని నా అభిప్రాయం.

ఆ చెట్లలో చాలావాటిని సన్నగా కత్తిరించిన పీవీసీ రేకును ఇనుప తీగకు మెలిపెట్టి తయారుచేస్తారు. ప్లాస్టిక్కూ ఇనుమూ విడదీయడానికి వీల్లేకుండా పెనవేసుకుని ఉంటాయి కనుక, పాడైన చెట్టును మళ్లీ కరిగించి వాడుకోవడం కష్టం. చెత్తకుప్పలో దానికి ఎవరైనా నిప్పంటిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషాలు గాలిలో కలుస్తాయి. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అంచనా ప్రకారం 2 మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వల్ల సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడతాయి. అదే ఎత్తున్న నిజమైన చెట్టును పండుగ తర్వాత కాల్చినా, ముక్కలు చేసి నేలపై పరిచినా అవి సుమారు 3.5 కిలోలే. అవి చలిదేశాల లెక్కలు కనుక మనకు అచ్చంగా సరిపోవు గాని, ఎటు మొగ్గు ఉందో తెలుస్తూనే ఉంది. ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉన్నవారు మాత్రం దానిని చెడిపోయేవరకు వాడుకోవడమే మేలు. దానిని పారేసి పర్యావరణం పేరుతో మరొకటి కొనడం అన్నిటికంటే దండగ.

కొత్తగా కావలసినవారికి సరుగుడు ఉంది. గంజాం, శ్రీకాకుళం తీరాల్లో రైతులు సరుగుడును పంటగా వేసి, సాధారణంగా నాలుగైదేళ్లకు నరికి కలపకు, కాగితపు గుజ్జుకు అమ్ముతారు. మొదళ్లు లారీ ఎక్కాక మిగిలే తలలూ కొమ్మలూ వంటచెరకుగా పోతాయి. అలాంటి తల ఒకటి తెచ్చుకుంటే పండుగ కోసం ప్రత్యేకంగా ఏ చెట్టునూ కొట్టినట్టు కాదు. పిల్లలు కణుపు దగ్గర ఊడదీసి, మళ్లీ అతికించి, ఎక్కడ తెంపానో చెప్పుకోమని ఆడుకునే ఆ సన్నని ఆకుపచ్చ పుల్లలు దీపాల వెలుగులో ఎంతో ముచ్చటగా ఉంటాయి. అయితే తుపాను గాలులకు అడ్డుగా సముద్రపుటొడ్డున పెంచిన సరుగుడు జోలికి ఎవరూ పోకూడదు. 2013లో ఫైలిన్‌నూ, 2018లో తిత్లీనీ చూసిన మనకు దీనిని వేరే చెప్పనక్కరలేదు.

కొమ్మను తడి ఇసుక నింపిన బకెట్‌లో గుచ్చి రోజూ నీళ్లు పోస్తే పండుగ దాకా పచ్చగానే ఉంటుంది. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది కనుక కొవ్వొత్తులనూ, వేడెక్కే పాతరకం బల్బులనూ దూరంగా ఉంచి ఎల్ఈడీ దీపాలే వాడాలి. అలంకరణ థర్మోకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. దాని బదులు వెదురు పుల్లలతో, రంగు కాగితంతో ఇంట్లోనే నక్షత్రం చేసుకోవచ్చు.

నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియా కూడా మంచిదే. వెలుతురు బాగా తగిలే వరండాలో కుండీలో ఉంచి, తల తుంచకుండా పెంచితే ఏటేటా అదే చెట్టు పనికొస్తుంది. నేలలో నాటితే 30 మీటర్లు దాటి ఎదగగలదు కాబట్టి కరెంటు తీగల కింద మాత్రం నాటకూడదు.

పట్టణంలో ఎవరికి వారు తోటలకు వెళ్లి కొమ్మలు తెచ్చుకోలేరు. చర్చి సంఘాలు నవంబరులోనే కోతకు వచ్చిన తోటల రైతులతో మాట్లాడి, కావలసిన కొమ్మలకు ధర చెల్లించి ఒకే బండిలో తెప్పించి ఇంటింటికీ పంచితే బాగుంటుంది. జనవరి మొదటి వారంలో పురపాలక సంఘం ఈ కొమ్మలను ప్లాస్టిక్ చెత్తతో కలపకుండా విడిగా సేకరించి ఎరువుకు తరలించాలని, ఇందుకు తేదీలను ముందుగానే ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా