కళ్లు లాగుతుంటే ముందు అడగాల్సింది ‘ఎప్పుడు?’ అని

సంపాదకులకు నమస్కారం.

కళ్లు లాగడం, దానితోపాటు వచ్చే తలనొప్పి గురించి ఆరోగ్య పేజీల్లో వచ్చే సలహాలు ఎక్కువగా మూడింటి దగ్గరే ఆగిపోతున్నాయి. స్క్రీన్ తగ్గించండి, నీలికాంతిని ఆపే అద్దాలు పెట్టుకోండి, కంటి పరీక్ష చేయించుకోండి. మొదటిది రోజంతా కంప్యూటర్ మీదే పని ఉన్నవాళ్లకు కుదరదు. రెండోది డబ్బు దండగ. మూడోది మంచి మాటే గానీ ఏ పరీక్షో చెప్పకపోతే గోడ మీది చార్టును చివరి వరుస దాకా చదివించి ‘మీకు సైటు లేదు’ అని పంపేస్తారు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. కళ్లు పరీక్షించడమే వృత్తిగా ఉన్నవాళ్లం కాబట్టి, నెలల తరబడి ఈ బాధ పడుతున్న పాఠకుల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఒక వారం, వీలైతే రెండు వారాలు, నొప్పి మొదలైన వేళ, అప్పుడు చేస్తున్న పని, తలలో ఏ వైపు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. అద్దాల పవర్ తేడా వల్లనో, కంటి కండరాల అలసట వల్లనో వచ్చే నొప్పి సాధారణంగా నిద్ర లేచేసరికి ఉండదు. దగ్గరి పని మొదలుపెట్టిన గంటకో రెండు గంటలకో కనుబొమల మీద, కళ్ల వెనుక బరువుగా మొదలై, పని ఆపితే నెమ్మదిస్తుంది. సెలవు రోజున దాదాపు కనిపించదు. మీరు రాసుకున్నదాంట్లో ఈ వరస లేకపోతే కళ్లజోడు ఎన్నిసార్లు మార్చినా ఒరిగేదేమీ ఉండదు.

తలలో ఒక పక్క నరాలు కొట్టుకుంటున్నట్టు పోటు, కడుపులో వికారం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, 4 గంటల నుంచి 72 గంటల దాకా సాగడం మైగ్రేన్ లక్షణాలు. వెలుతురుకు బాధ పెరుగుతుంది కాబట్టి తప్పంతా కంటిదే అనుకుని ఏటా అద్దాలు మార్చేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు వెళ్లాల్సింది వైద్యుడి దగ్గరికి. మాత్రల లెక్క రాసుకోమన్నది కూడా ఊరికే కాదు. తరచూ తలనొప్పి వచ్చేవాళ్లు పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే రోజువారీ తలనొప్పిని తెచ్చిపెట్టగలవు. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి. దీన్ని ఎలా మానాలన్నది వైద్యుడు చెప్పాలి.

నొప్పి నిజంగా దగ్గరి పనితోనే వస్తోందనుకుందాం. చార్టు చదివించే పరీక్ష ఆరు మీటర్ల దూరపు చూపును కొలుస్తుంది. నొప్పి వస్తున్నదేమో 40 సెంటీమీటర్ల దగ్గర. ఆ దూరంలో అక్షరం స్పష్టంగా కనపడాలంటే కంటిలోని కండరం బిగిసి, లోపలి కటకాన్ని 2.5 డయాప్టర్ల (కటకం పవర్‌కు కొలమానం) మేర ఉబ్బించాలి. 33 సెంటీమీటర్లకైతే 3 డయాప్టర్లు. 100ను సెంటీమీటర్లతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. ఇక కంటికి ఉన్న శక్తి వయసుతో తరుగుతుంది. వయసును నాలుగుతో భాగించి 15 నుంచి తీసేస్తే కనీసం ఎంత ఉండాలో తెలుస్తుంది. 28 ఏళ్లకు 8, 40 ఏళ్లకు 5, 48 ఏళ్లకు 3. ఉన్న శక్తిలో సగానికి మించి వాడకుండా ఉంటేనే గంటల తరబడి పని హాయిగా సాగుతుంది. 40 ఏళ్ల మనిషి 40 సెంటీమీటర్ల దగ్గర చదివితే సరిగ్గా ఆ సగం ఖర్చవుతుంది. చత్వారం ఆ వయసు చుట్టుపక్కలే మొదలవడానికి కారణం ఇదే. ‘ఇంకా చదవగలుగుతున్నాను కదా’ అని చదివే అద్దాలను రెండు మూడేళ్లు వాయిదా వేసేవాళ్లకు సాయంత్రపు తలనొప్పి వస్తోందంటే ముందు అనుమానించాల్సింది చత్వారాన్నే.

చిన్నవయసు వాళ్లలో తరచూ దొరక్కుండా పోయేది దాగున్న ప్లస్ పవర్. దూరం చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే కండరం ఆ ప్లస్‌ను తానే మోసేస్తుంటుంది. 36 ఏళ్ల మనిషికి శక్తి 6 అనుకోండి, హాయిగా వాడుకోగలిగేది 3. దాగున్న ప్లస్ 1 ఉంటే 40 సెంటీమీటర్ల దగ్గర అవసరం 3.5కి చేరుతుంది. చార్టు ముందు ఇది బయటపడదు. కండరాన్ని తాత్కాలికంగా వదులు చేసే చుక్కలు వేసి చూడాలి, పిల్లల్లోనైతే ఇది మరీ ముఖ్యం. ఆ చుక్కలు వేశాక దగ్గరి చూపు మసకగా ఉంటుంది, కొన్నిసార్లు మర్నాటి దాకా. ఆ రోజు బండి నడపకూడదు. దీనికి అటువైపు తప్పు మైనస్ పవర్ అవసరానికి మించి ఇవ్వడం. పవర్ కొలిచే కంప్యూటర్ యంత్రంలోకి చూసేటప్పుడు కుర్రవాళ్ల కన్ను తెలియకుండానే బిగుసుకుంటుంది, అంకె మైనస్ వైపు జరుగుతుంది. ఆ చీటీని అలాగే అద్దాల కింద కట్టిస్తే అక్షరాలు నల్లగా, చురుగ్గా కనిపిస్తాయి గానీ, మించి ఇచ్చింది అర పవరే అయినా దాన్ని కండరం పొద్దస్తమానం మోయాల్సివస్తుంది. యంత్రం అంకె లెక్కకు మొదలు మాత్రమే. లెన్సులు మార్చి మార్చి అడిగి చూడకుండా చీటీ రాసే చోట అద్దాలు కట్టించుకోకండి.

రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయా లేదా అన్నది ఇంకొకటి. దగ్గరి వస్తువును చూడాలంటే రెండు కళ్లూ ముక్కు వైపు తిరగాలి. ఈ శక్తి తక్కువైనవాళ్లకు చదువుతుంటే అక్షరాలు కదిలినట్టు, వరస తప్పినట్టు ఉంటుంది. ఒక కన్ను మూసుకుంటే హాయి. పెన్ను కొన మీద చిన్న అక్షరం రాసి, మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ అది ఎక్కడ రెండుగా చీలుతుందో ఎవరిచేతనైనా స్కేలుతో కొలిపించండి. 10 సెంటీమీటర్ల కంటే దూరంలోనే చీలిపోతుంటే, రెండు కళ్లూ కలిసి పనిచేసే తీరును చూసే పరీక్ష విడిగా చేయించుకోవాలి. పెన్సిల్‌ను దగ్గరికి తెచ్చే వ్యాయామం ఒక్కటే ఇంట్లో చేస్తే చాలంటారు గానీ, 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు నిపుణుల దగ్గర 12 వారాలు చేయించిన శిక్షణ అంతకంటే స్పష్టంగా మెరుగైన ఫలితం ఇచ్చింది. కళ్లు గుండ్రంగా తిప్పడం, అరచేతులతో మూసుకోవడం లాంటివి విశ్రాంతినిస్తాయి, అంతే. పవర్‌ను తగ్గించవు.

ఇప్పుడు అద్దాల కట్టుబడి. చీటీ సరిగ్గా ఉండి కూడా కళ్లజోడు తలనొప్పి తెచ్చిందంటే ఎక్కువగా తప్పు ఇక్కడే దొరుకుతుంది, అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ప్రతి లెన్సుకూ ఒక కేంద్రం ఉంటుంది, అది కనుపాపకు ఎదురుగా రావాలి. రెండు కనుపాపల మధ్య దూరాన్ని పీడీ అంటారు. దాన్ని కొలవకుండా అందాజాగా కట్టేస్తే లెన్సు కొద్దిగా ప్రిజంలా పనిచేసి చూపును పక్కకు లాగుతుంది. ఎంత అనేది తేలికైన లెక్క, పక్కకు జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణించాలి. మైనస్ 4 అద్దాల్లో పీడీ మొత్తం 3 మిల్లీమీటర్లు తప్పితే 1.2 ప్రిజం. అడ్డంగా వచ్చే ఈ తేడాను కొందరి కళ్లు సర్దుకుంటాయి. నిలువు తేడాను సర్దుకునే శక్తి మాత్రం కళ్లకు చాలా తక్కువ. అదే పవర్‌లో ఒక లెన్సు కేంద్రం రెండోదానికంటే 2 మిల్లీమీటర్లు పైకుంటే 0.8 ప్రిజం పడుతుంది, తల తిరగడానికి అది చాలు. ఫ్రేము వంకరగా కూర్చున్నా ఇదే జరుగుతుంది.

దీన్ని సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. జోడు పెట్టుకుని దూరంగా ఒక బిందువును చూస్తుండగా ఎదుటి మనిషి చేత ప్రతి కనుపాపకు ఎదురుగా లెన్సు మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించండి. తర్వాత షాపులో లెన్సోమీటర్ (లెన్సు పవర్, కేంద్రం చూపే యంత్రం) మీద అసలు కేంద్రాలను గుర్తించమనండి. రెండు గుర్తులూ ఎంత దూరంలో ఉన్నాయో కళ్లెదుటే తేలిపోతుంది. సిలిండర్ పవర్ (ఒక దిశలో మాత్రమే ఉండే పవర్) ఉన్నవాళ్లు యాక్సిస్ (ఆ దిశను చెప్పే కోణం) కూడా చూపించుకోవాలి. సిలిండర్ 2 ఉన్న లెన్సు 5 డిగ్రీలు తిరిగితే సుమారు 0.35 పవర్ సరిదిద్దకుండా మిగిలిపోతుంది. కొత్త అద్దాలకు అలవాటు పడటానికి వారం, మహా అయితే రెండు వారాలు. అప్పటికీ నేల ఎత్తుపల్లాలుగా కనిపిస్తున్నా, నొప్పి వస్తున్నా ‘అలవాటైపోతుంది’ అన్న మాట వినకండి. పాత జోడును కూడా వెంట తీసుకెళ్లండి. తేడా ఎక్కడుందో పాత జోడు చెప్పినంత త్వరగా చీటీ చెప్పదు.

ప్రోగ్రెసివ్ అద్దాలతో, అంటే ఒకే లెన్సులో పైన దూరానికీ కింద చదవడానికీ పవర్ క్రమంగా మారే అద్దాలతో, కంప్యూటర్ పని చేసేవాళ్ల సంగతి వేరు. స్క్రీన్ దూరానికి సరిపడే పవర్ లెన్సులో ఆ రెండు భాగాల మధ్య, నేరుగా చూసే చోటుకు కాస్త కిందుగా, సన్నటి దారిలా ఉంటుంది. దానికోసం గడ్డం పైకెత్తి గంటలు గంటలు కూర్చుంటే మెడ వెనుక నుంచి తల వెనక్కి నొప్పి పాకుతుంది. దానికి కంటి చుక్కలు వాడి ప్రయోజనం లేదు. కంటి నుంచి స్క్రీన్‌కు దూరాన్ని టేపుతో కొలిచి, ఆ అంకె పరీక్షించేవారికి చెప్పి ఆ దూరానికే విడిగా ఒక జోడు రాయించుకోవాలి. 40 సెంటీమీటర్ల దగ్గర చదవడానికి అదనంగా ప్లస్ 2 వాడేవాళ్లకు 65 సెంటీమీటర్లకు దాదాపు ప్లస్ 1 సరిపోతుంది. చదివే అద్దాలే పెట్టుకుని స్క్రీన్ చూస్తే మసకగా ఉండి ముందుకు వంగుతారు, అప్పుడు నడుము అందుకుంటుంది.

మంట, ఇసుక పడ్డట్టు గరగర, ఉన్నట్టుండి నీళ్లు కారడం ఉంటే అది పొడిబారడం. రెప్ప కొడితే అక్షరం ఒక్క క్షణం తేటపడి మళ్లీ మసకబారడం దీని ఆనవాలు. మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా కొట్టుకునే రెప్ప, స్క్రీన్ ముందు అందులో సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు పడిపోతుంది. కొట్టినా సగమే మూసుకుంటుంది. స్క్రీన్ ఎత్తుగా ఉంటే కన్ను మరింత తెరుచుకుని కన్నీరు ఇంకా త్వరగా ఆవిరవుతుంది. అందుకే తెర మధ్యభాగం కంటిమట్టానికి 15 నుంచి 20 డిగ్రీలు కిందికి ఉండాలంటాం. 65 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 17 నుంచి 24 సెంటీమీటర్లు. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి ముఖానికి సూటిగా తగలకూడదు. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోయినవాళ్లకు వేడి కాపడం బాగా పనిచేస్తుంది. ఎనిమిది పది నిమిషాలు, చేతికి ఓర్చుకోగలిగిన వెచ్చదనంతో పెట్టి, తర్వాత పైరెప్పను కిందికి, కిందిరెప్పను పైకి మెల్లగా ఒత్తాలి. తడిగుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, అందుకే చాలామందికి గుణం కనిపించదు. మళ్లీ మళ్లీ వేడినీటిలో ముంచాల్సిందే.

చుక్కల మందుల్లో 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి కృత్రిమ కన్నీరు వేసుకోవచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి కావాల్సివస్తే ప్రిజర్వేటివ్ లేని రకం తీసుకోవాలి, ఆ ప్రిజర్వేటివే కంటి పైపొరను రేపుతుంది. ఎరుపు తగ్గించే చుక్కలు అలవాటైతే మానగానే ఎరుపు రెట్టింపై తిరిగొస్తుంది. ఇక స్టెరాయిడ్ చుక్కలు. వేసిన మర్నాడే హాయిగా ఉంటుంది కాబట్టి పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొంటుంటారు. చెప్పేవాళ్లు లేకుండా నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.

వెలుతురు గురించి రెండు మాటలు. స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. తెర దీపంలా వెలుగుతుంటే ప్రకాశం ఎక్కువైనట్టు, బూడిదరంగులో కనిపిస్తే తక్కువైనట్టు. కిటికీ పక్కనుంచి ఉండాలి, ఎదురుగానో వీపు వెనుకో వద్దు. మీరు కూర్చునే దూరానికి మూడింతలు వెనక్కి జరిగినా అక్షరాలు కష్టపడైనా చదవగలిగితే వాటి సైజు చాలు. నల్ల నేపథ్యం అందరికీ సుఖం కాదు. అప్పుడు కనుపాప విచ్చుకుంటుంది, సరిదిద్దని సిలిండర్ ఉంటే తెల్ల అక్షరాల చుట్టూ అలికినట్టు కనిపిస్తుంది. కొన్ని తెరలు ప్రకాశం తగ్గించినప్పుడు వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కొందరికి అది పడదు. చీకటి గదిలో తెర ముందు పెన్సిల్‌ను గబగబా ఊపితే చెరిగిన మరకలా కాక విడివిడి పెన్సిళ్లుగా కనిపిస్తుందంటే ఆ తెర మిణుకుతున్నట్టే. ప్రకాశం పెంచి, గదిలో వెలుతురు కూడా పెంచి చూడండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడాలన్న సూత్రం మంచిదే. ఆ దూరం దొరకలేదని మానేయకండి. మూడు మీటర్ల దూరానికి కండరం పెట్టాల్సిన శ్రమ డయాప్టర్‌లో మూడో వంతే.

నీలికాంతి అద్దాలను దండగ అనడం మా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి పరిశీలించినప్పుడు, మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల తక్కువకాలంలో కంటి అలసట తగ్గినట్టు కనిపించలేదు. ఆ ఖర్చుతో కంప్యూటర్ దూరానికి ఒక జోడు కట్టించుకోవచ్చు.

కొన్ని లక్షణాలకు పై లెక్కలేవీ వర్తించవు. ఒక్కసారిగా, జీవితంలో ఎన్నడూ లేనంత తీవ్రంగా వచ్చిన తలనొప్పి. కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతులతో వచ్చిన నొప్పి. కొత్తగా వస్తువులు రెండుగా కనిపించడం. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. పొద్దున్నే వాంతితో మొదలయ్యే నొప్పి, వంగినప్పుడు కొన్ని క్షణాలు చూపు చీకటి కమ్మడం. వీటిలో ఏది ఉన్నా అద్దాల షాపుకు కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 50 ఏళ్లు దాటినవాళ్లకు కొత్తగా తలనొప్పి మొదలై, దువ్వుకుంటే నెత్తి నొప్పి, నమిలితే దవడ నొప్పి కూడా ఉంటే అది కణత దగ్గరి రక్తనాళాల వాపు కావచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోతుంది, ఒక కంటి తర్వాత రెండో కన్ను కూడా. అందుకే ఈ అనుమానం వచ్చినప్పుడు వైద్యులు అన్ని పరీక్షల ఫలితాలూ వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెడతారు.

– ఇద్దరు ఆప్టోమెట్రిస్టులు