పెట్రోల్లో ఏముందో ఒక్క ముక్క రాసి పెట్టండి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పాఠకుడు రాశారు, పదిహేనేళ్లు దాటిన బండ్లన్నీ మొహమాటం లేకుండా తుక్కుకి తోలెయ్యాలని. చదివి ఊరుకుందామనుకున్నాను గానీ, ఎదురుగా వరండాలో 1979 నాటి యెజ్డీ మోటార్ సైకిల్ నిలబడి చూస్తుంటే ఊరుకోవడం కష్టమే. దసరా సెలవుల్లో దాని పిస్టన్ పట్టేసింది. ఆ కథా, దాంతోపాటు పెట్రోల్లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్ గురించి ఒక చిన్న విన్నపమూ రాస్తున్నాను. పొడుగైతే కోసెయ్యండి, విన్నపం మాత్రం ఉంచండి.

బండి మా నాన్నగారిది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం, రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, సీతానగరం చుట్టుపక్కల ఊళ్లన్నీ దీని మీదే తిరిగారు. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు 1961లో చెక్ దేశపు జావా బండ్లు తయారు చెయ్యడం మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చి, 1996లో ఫ్యాక్టరీ మూసేశారు. ఆ తర్వాత స్పేర్లు దొరక్క, నాన్నగారికి మోకాళ్లు సహకరించక, బండి పెరట్లో రేకుల కింద పాతికేళ్లు పడి ఉంది. ఆయన పోయాక మా అన్నయ్య పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామన్నాడు, కిలోల లెక్కన. సరేననే అన్నాను. తీరా టూల్ బాక్స్ మూత తీస్తే ఎలుక గూడు, ఆ గూట్లో గుడ్డ పేలికల మధ్య నాన్నగారి చేతిరాతతో సగం కొరికేసిన విత్తనాల చీటీ. ఇనుము వాణ్ని వెనక్కి పంపించేశాం.

ఈ బండి తెలియని కుర్రాళ్ల కోసం ఒక మాట. దీనికి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్ట్ అయ్యాక ముందుకి పడేస్తే అదే గేరు. ఒక్కటే సిలిండరు, సైలెన్సర్లు మాత్రం రెండు. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజిన్ ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి, మా మెకానిక్ లెక్కలో లీటరుకి 40 మిల్లీలీటర్లు. ఆ మెకానిక్‌కి డెబ్బై దాటాయి, కొట్టు కొడుకుకి అప్పజెప్పేశాడు, జావా అంటే మాత్రం లేచి వస్తాడు. పాయింట్లు, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో తేల్చే రెండు లోహపు ముక్కలు, వాటి టైమింగ్ ఆయన చూసే పద్ధతి నేను నోరెళ్లబెట్టి చూశాను. సిగరెట్ పెట్టె మీద పల్చటి కాగితం ఉంటుంది కదా, అది చించి రెండు పాయింట్ల మధ్య దూర్చి, ఒక చేత్తో కాగితాన్ని సుతారంగా లాగుతూ రెండో చేత్తో ఇంజిన్ మెల్లగా తిప్పుతాడు, కాగితం జారిన చోట స్క్రూ బిగిస్తాడు. తర్వాత నేను గేజ్ పెట్టి చూస్తే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు, ఎంత ఉండాలో అంతే. వైరింగ్, చైను, క్లచ్ ప్లేట్లు, నికెల్ పాలిష్, పెయింట్... వీటి సంగతి ఎందుకులెండి, వేసవి సెలవులూ, అరవై వేలూ, ఇంట్లో ఉన్న కాస్త మర్యాదా అయిపోయాయి. జూన్‌లో స్టార్ట్ అయింది. వీధంతా పొగ.

ప్రతి ఏడూ జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీల వాళ్లు ఊరూరా ఒకచోట కలుస్తారు. దానికి వెళ్దామని ముందు రోజే ఫుల్ ట్యాంక్ కొట్టించాను. ఆదివారం కుండపోత. బండి వరండా అంచునే ఉండిపోయింది, చూరు నీళ్లు పడే చోట. ఆ ఆదివారం పోయింది, బడి పనులు, పరీక్షలు, మళ్లీ వానలు, అలా రెండున్నర నెలలు దాన్ని ముట్టుకోలేదు. దసరా సెలవుల్లో ఒక తెల్లవారుజామున నాలుగో కిక్కుకే అందుకునేసరికి ఇక ఆగలేక మారేడుమిల్లి బయల్దేరాను.

గోకవరం దగ్గర ఒకసారి ఎగిరెగిరి పడింది. అప్పుడే ఆగి చూసుకోవలసింది. రంపచోడవరంలో టీ తాగి, మారేడుమిల్లి దాటి, చింతూరు వైపు ఘాట్ ఎక్కుతుంటే శబ్దం మారింది, రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు. బరువుకి అలాగే ఉంటుందిలే అనుకున్నాను. రెండు మలుపులు తిరిగానో లేదో వెనక చక్రం టక్కున పట్టేసింది. మెకానిక్ ముసలాయన ముందే చెప్పాడు, టూ స్ట్రోక్ మీద ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలని. ఆ ఒక్క మాట విని, వెంటనే క్లచ్ నొక్కి చక్రాన్ని ఇంజిన్ నుంచి విడిపించినందుకు ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. లేకపోతే పక్కనే లోయ.

ఫోన్‌కి సిగ్నల్ లేదు. గంట తర్వాత వెదురు దింపి ఖాళీగా వస్తున్న బొలేరో ఆపి, డ్రైవరూ నేనూ బండిని ఎక్కించి తాళ్లతో కట్టాం. ఆ అబ్బాయి దారంతా ఒకటే మాట, "సార్, దీన్ని అమ్ముతారా?" పట్టేసిన బండిని! ఆ రోజు నన్ను కాస్త నవ్వించింది అతనొక్కడే.

మెకానిక్ ముందు ట్యాంక్ విప్పి, పెట్రోలంతా గాజు సీసాలోకి వంచాడు. కాసేపటికి అడుగున మూడు వేళ్ల మందాన మడ్డిగా ఇంకో పొర తేరింది, దాని కింద తుప్పు రజను. కార్బొరేటర్ మెయిన్ జెట్, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, సగం పూడిపోయింది. చదునులో బాగానే నడిచింది, ఎక్కుడులో ట్యాంక్ అడుగున ఉన్నదంతా వెనక్కి, ట్యాప్ దగ్గరికి వచ్చేసింది. పెట్రోల్ తగ్గి, గాలి ఎక్కువై, పెట్రోల్‌తో పాటు వెళ్లాల్సిన ఆయిలూ తగ్గి, ఇంజిన్ కాగి పిస్టన్ సిలిండర్‌ని పట్టుకుంది. "ఆయిల్ సరిగ్గానే కలిపారు మాస్టారూ, నీళ్లు తాగించారు" అన్నాడు ముసలాయన. ట్యాంక్ మూత వాషర్ చూపించాడు, ఉడికిన వంకాయ తొక్కలా అయిపోయింది. వేసవిలో కొత్తది వేయించిందే.

ఇక్కడ నా పరువు తీసుకునే సంగతి ఒకటి చెప్పాలి. నేను హైస్కూల్లో సైన్స్ మాస్టార్ని. ఆల్కహాల్ నీటిలో కలుస్తుందని పాతికేళ్లుగా పిల్లలకి చెప్తున్నాను. ఇంటికొచ్చి, 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 నీళ్లు, 90 బంకు పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి, పెరట్లో ఒక పక్కన ఉంచాను (పొయ్యికి దూరంగా, పిల్లలెవరూ చెయ్యకండి). పావుగంటకి కింది పొర 27 గీత దగ్గర ఆగింది. పది నీళ్లు ఇరవై ఏడయ్యాయి! పెట్రోల్లో కలిపిన ఇథనాల్‌ని నీళ్లు లాక్కున్నాయి. పాడైన మూత వాషర్ సందులోంచి నా ట్యాంకులోకి దిగిన కాస్త వాన నీళ్లు చేసింది కూడా ఇదే. పైగా ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, మామూలు పెట్రోల్‌కి తగ్గట్టు పెట్టిన పాత జెట్‌తో ఇంజిన్‌కి ఇంధనం ఎలాగూ కాస్త పల్చగానే అందుతుంది.

తప్పు సగం నాదే, బండిని వానకి వదిలేశాను. మిగతా సగం గురించే ఈ ఉత్తరం. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది. దేశంలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలని 2030కి అనుకున్న లక్ష్యం 2025కే వచ్చేసింది. మంచిదే, చెరకు, మొక్కజొన్న రైతుకి నాలుగు డబ్బులొస్తాయి, నేనేం కాదనను. కానీ పాత బండ్లు కొన్నింటిలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందుగానే మార్చుకోవలసి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే వివరణ ఇచ్చింది. మరి ఆ ముక్క బండి తోలేవాడికి ఎవరు చెప్తారు? నేను పోయించుకునే బంకులో అడిగితే కుర్రాడు "అన్నీ ఒకటే సార్" అన్నాడు. నాదంటే సరదా బండి. మా వీధిలో పాలు పోసే ఆయన ఎం80 సరదా కాదు, సంతకి కూరగాయలు తెచ్చే ఆయన రాజ్‌దూత్ సరదా కాదు. కొత్తది కొనలేక తోలుతున్నారు. పంపు మీద, పైపు పట్టుకునే చోట, తెలుగులో, కళ్లజోడు లేకపోయినా కనబడేంత అక్షరాలతో, ఇథనాల్ ఎంత శాతమో, పాత బండి వాళ్లు ఏం మార్పించుకోవాలో రాసి పెట్టడానికి ఎంతవుతుంది? ఊరికి ఒక్క బంకులోనైనా ఇథనాల్ తక్కువ ఉన్న పెట్రోల్ ఇస్తే ఇంకా సంతోషం, కాస్త ఎక్కువ ధరైనా సరే.

తుక్కు అన్న పాఠకుడికి కూడా ఒక మాట. పొగ నిజమే, ఒప్పుకుంటాను, అందుకే నెలకి రెండు ఆదివారాలు మించి తియ్యను. పైసా కట్టకుండా ఊరికే తిరగడం కూడా లేదు సార్. 15 ఏళ్లు దాటిన టూ వీలర్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022 ఏప్రిల్లో 300 నుంచి వెయ్యి చేశారు, 2025లో 20 ఏళ్లు దాటితే రెండు వేలు అన్నారు. పోనీ 2021లో వచ్చిన వింటేజ్ రూల్ కింద పెడదామా అంటే దానికి 50 ఏళ్లు నిండాలి, కొత్త నంబరుకి 20 వేలు కట్టాలి, కట్టాక కూడా ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, రిపేర్‌కీ తప్ప రోడ్డెక్కకూడదు. నాది 2029కి గానీ వింటేజ్ కాదు. అప్పటిదాకా ఫీజులకి మాత్రం ముసలిది, గౌరవానికి కుర్రది.

విజయవాడ ఆటోనగర్‌లో సిలిండర్‌కి బోరు కొట్టించి, అంటే లోపల కాస్త వెడల్పు చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాం. ట్యాంక్ లోపల తుప్పు కడిగించాం, జెట్ ఒక సైజు పెంచాం, పెట్రోల్ పైపు కొత్తది. మొదటి 500 కిలోమీటర్లు 40 స్పీడు దాటొద్దన్నాడు ముసలాయన. ఇప్పటికి 310 అయ్యాయి. సైకిల్ మీద కుర్రాళ్లు దాటి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తున్నారు.

ఆ ట్యాంక్ మూత వాషర్ ఒక్కటే, ఇథనాల్‌కి ఉబ్బనిది, ఇంతవరకూ దొరకలేదు. మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే ఇదే కాలమ్‌కి రాయమనండి, ఆదివారం పేపర్ రాగానే ముందు ఈ పేజీయే తిప్పుతాను.

ఇట్లు,
ఒక సైన్స్ మాస్టారు, రాజమండ్రి