వార్షిక నివేదిక: మీదికొచ్చే ఆవుల విషయంలో ఈ ఏడాది మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గడ్డి విత్తనాల పంపిణీ, టీకాలు, ఉమ్మడి కంచెల మరమ్మతు అనుకున్నట్టే పూర్తయ్యాయి. లెక్కలు ఆడిటర్ సంతకంతో మీకు విడిగా అందాయి కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒకే విషయానికి కేటాయించాం. మన సభ్యుల్లో ఒకరి దగ్గర పనిచేసే కుర్రాడిని కొత్తగా ఈనిన ఆవు ఒకటి కంచెకేసి కుమ్మింది. పక్కటెముకలు విరిగాయి. ఇప్పుడు కోలుకుని తిరుగుతున్నాడు, అది మనందరి అదృష్టం. ఆ ఆవు సంగతి మంద యజమానికి తెలుసు, దాన్ని ఆయనకు అమ్మినవారికి అంతకుముందే తెలుసు. గేటు తీసుకుని లోపలికి వెళ్లినవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కార్యవర్గం, పశువైద్యుడు కలిసి సభ్యుల మందల్లో పేరుమోసిన ఆవులన్నిటినీ చూసి వచ్చారు. ‘పొగరుబోతు’ అని ముద్రపడిన వాటిలో కొన్నిటికి అసలు పొగరే లేదు. ఒక ఆవు ఎడమవైపు నుంచి ఎవరెళ్లినా కొమ్ము విసిరేది, కుడివైపు నుంచి వెళ్తే కదిలేది కాదు. డాక్టరు దాని తల పక్కకు తిప్పించి చూస్తే ఎడమ కంట్లో తెల్లటి పొర కమ్మి ఉంది. ఆవుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంవల్ల తిన్నగా వెనకభాగం తప్ప దాదాపు చుట్టూ, 300 డిగ్రీలకు పైగానే కనిపిస్తుంది. అందులో సగం పోతే ఆ పక్కన వినిపించే ప్రతి అడుగూ దానికి శత్రువు అడుగే. ఇప్పుడు ఆ మందలో అందరూ దూరం నుంచే పలకరిస్తూ కుడిపక్క నుంచి వెళ్తున్నారు. అంతటితో గొడవ సద్దుమణిగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎప్పుడూ సాధువుగా ఉన్న ఆవు హఠాత్తుగా మీదికొస్తే దాన్ని స్వభావం అనుకోకండి, జబ్బు అనుకోండి. లేత పచ్చిక ఏపుగా ఎదిగే రోజుల్లో పాలిచ్చే ఆవుల రక్తంలో మెగ్నీషియం పడిపోతుంది. ముందు బెదురు, తర్వాత తూలుడు, ఆపైన పడిపోయి కొట్టుకోవడం. గంటల్లో ప్రాణం పోవచ్చు, అందుకే డాక్టరును వెంటనే పిలవాలి. ఈనిన కొత్తలో ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బైన కీటోసిస్‌లోనూ కొన్ని ఆవులు వింతగా, కోపంగా ప్రవర్తిస్తాయి. చొంగ కారుస్తూ, గొంతు మారి అదేపనిగా అరుస్తుంటే రేబిస్‌ను అనుమానించాలి. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టడం ఎవరూ చేయొద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

దూడతల్లి కోపం వేరు. మంచి తల్లి దూడను కాస్తుంది, అది మనకూ కావాల్సిందే. అందుకే పుట్టిన దూడకు చెవిపోగు వేసేటప్పుడు ఒక్కరే వెళ్లొద్దని, దూడకూ తల్లికీ మధ్య బండినో గేటునో అడ్డుగా ఉంచుకోవాలని, కుక్కను దగ్గరకు రానివ్వొద్దని శిక్షణలో చెప్పాం. తల దించి, బుస కొడుతూ, కాలు దువ్వుతుంటే అది చివరి హెచ్చరిక. ఆ క్షణంలో వీపు చూపి పరుగెత్తకండి. దాని మీదే కన్నుంచి, నెమ్మదిగా పక్కకు జరుగుతూ బయటపడండి. వెళ్లేముందే బయటపడే దారి చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

శిక్షణలో సభ్యులకు బాగా నచ్చింది ఇరుకుదారుల తనిఖీ. అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పశువులు నడిచే దారిలో తానే నడిచి, వాటి కంటి ఎత్తులో చూసి, అవి ఎక్కడ బెదురుతున్నాయో కనిపెట్టారు. మనమూ ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) దాకా వంగి నడిచాం. ఒకచోట వేలాడే గొలుసు, ఇంకోచోట కంచె మీద ఆరేసిన చొక్కా, మరోచోట ఎండకు తళతళలాడే నీటిమడుగు కనిపించాయి. ఆవులు ‘మొండికేస్తున్నాయి’ అని మనం వాటిని కర్రలతో బాదిన తావులు సరిగ్గా ఇవే. ఆవు చెవి మనకు వినపడని పదునైన శబ్దాలనూ పట్టేస్తుంది, కాబట్టి ఈలలు, కేకలు, ఇనుప గేట్ల చప్పుడు తగ్గించాలి. మనం ఆవు భుజానికి వెనక నిలబడితే అది ముందుకు కదులుతుంది, భుజానికి ముందుకొస్తే ఆగుతుంది. ఈ ఒక్క కిటుకు పట్టుబడినవారికి కర్ర అక్కర్లేకపోయింది. మందనుంచి విడదీసిన ఒంటరి ఆవు ఎంత సాధువైనా ప్రమాదమే, తోడుగా ఇంకో రెండిటినైనా ఉంచండి.

ఇన్ని చేసినా మారని ఆవులు ఉంటాయి. వాటికి నొప్పి లేదు, జబ్బు లేదు, దూడా పక్కన లేదు, అయినా మనిషి కనిపిస్తే వెంటపడతాయి. పాలిచ్చే ఆవు తన్నినా పడాలనే మాట ఇక్కడ పనికిరాదని కార్యవర్గం అభిప్రాయం. పడేది యజమాని ఒక్కడే కాదు, కూలీలూ, ఇంట్లో పిల్లలూ, వైద్యం చేయడానికొచ్చిన డాక్టరూ. పైగా స్వభావం కొంతమేర తల్లిదండ్రుల నుంచే వస్తుంది. అలాంటి ఆవు పెయ్యలను మందలో నిలుపుకుంటే అదే కోపాన్ని పెంచి పోషించినట్టే. కాబట్టి ట్రెవిస్‌లో ఆవు ఎలా ప్రవర్తించిందో 1 నుంచి 6 వరకు అంకె వేసి మంద పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. 1 అంటే సాధువు, 6 అంటే దాడి చేసేది. 5, 6 పడినవాటిని వైద్యపరీక్ష చేయించి, కారణం దొరక్కపోతే మందలోంచి తీసేయమని సలహా ఇస్తున్నాం. ఏళ్లతరబడి సాకిన ఆవును తీసేయడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా ఆ సలహా మార్చుకోం.

రాబోయే మహాసభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, 5 లేదా 6 పడిన ఆవుకు ఎర్ర చెవిపోగు వేసి, ఆ దొడ్డి గేటుకు బోర్డు కట్టాలి. పనిలోకి కొత్తగా వచ్చినవారికి మొదటిరోజే ఆ ఆవులను దగ్గరుండి చూపించాలి. రెండోది, సభ్యులెవరైనా ఆవును అమ్మేటప్పుడు దాని అంకెను కొనేవారికి రాతపూర్వకంగా ఇవ్వాలి, దాచి అమ్మినవారి సభ్యత్వం రద్దవుతుంది. రెండో తీర్మానం మీద అభ్యంతరాలున్నాయని విన్నాం. ధర పడిపోతుందన్న భయం నిజమే, పడుతుంది కూడా. ఆ నష్టాన్ని తెలిసినవాడు భరించాలే తప్ప తెలియక కొనుక్కున్నవాడి పక్కటెముకల మీదికి నెట్టకూడదు. అందరూ సభకు వచ్చి ఓటు వేయాలని కోరుతున్నాం.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున